ఊటీ పళ్ల చక్రాల రైలు: బాపుని తీసుకుపోదామనుకుంటున్నా, ఎక్కినవాళ్లు చెప్పండి

కాజీపేట_చిన్నోడు

అందరికీ నమస్తే. ఈ గ్రూపులో చాలా రోజులుగా చదవడమే తప్ప రాసింది లేదు.

మా బాపు 1970ల్లో కాజీపేట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరాడు. డబ్ల్యూజీ అనే ఆవిరి ఇంజన్ల మీద బల్లార్షా వైపు గూడ్స్ బండ్లకు బొగ్గు కొట్టాడు. తర్వాత డీజిల్ అసిస్టెంట్, ఆ తర్వాత డ్రైవర్. ఇప్పుడు 73 ఏళ్లు. పోయిన వారం టీవీలో పళ్ల చక్రాలతో ఊటీ కొండెక్కే నీలగిరి ఆవిరి రైలు చూసి "ఇది ఇంకా నడుస్తుందారా?" అన్నాడు. రెండు రోజులాగి అన్నం తింటూ మళ్లీ అదే మాట. మా బాపు ఏదీ అడగడు, ఇట్లా రెండుసార్లు అంటే అడిగినట్టే.

సంక్రాంతి అయిపోయాక తీసుకుపోదామని ఉంది. నా డౌట్లు: ఊటీ దాకా మొత్తం ఆవిరి ఇంజనేనా? వరంగల్ నుంచి ఎట్లా పోవాలి? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి, ఎక్కి దిగడం కష్టమా?

---

రైలుపిచ్చోడు_కరీంనగర్

అన్నా, మొత్తం కాదు. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, నేనూ వేశా. కొండ కింద ఉన్న మెట్టుపాళయం నుంచి దారి మధ్యలో వచ్చే కూనూరు దాకానే స్టీమ్. కూనూరులో ఇంజన్ మారుస్తారు, అక్కణ్నుంచి ఊటీ దాకా డీజిల్.

రెండేళ్ల కింద ఒక ట్రావెల్స్ వాడు "హెరిటేజ్ స్టీమ్ ట్రైన్" అని ప్యాకేజీలో పెట్టి ఊటీ నుంచి కూనూరుకు ఎక్కించాడు. పొగ లేదు, కూత లేదు. డీజిల్ ఇంజన్ ముందు నిలబడి మా పిల్లలు ఫొటో దిగారు. వాడికి ఫోన్ చేస్తే "అదే రైలు కద సార్" అన్నాడు. అదే రైలే కానీ సగమే. కాబట్టి టికెట్ మెట్టుపాళయం నుంచే తీసుకో. ఉదయం 7:10కి బయల్దేరుతుంది, మధ్యాహ్నానికి ఊటీ.

వరంగల్ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగొచ్చు. అక్కణ్నుంచి మెట్టుపాళయం సుమారు 35 కిలోమీటర్లు. ముందురోజు సాయంత్రానికి చేరి రాత్రి అక్కడే పడుకోండి. చెన్నై పోయి రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి సరిగ్గా ఈ బండికి అందేట్టు దించుతుంది, కానీ పెద్దాయనకు రెండు రాత్రుల ప్రయాణం ఎందుకు?

---

జనగామ_జర్నీస్

ఏమనుకోకండి, నా ఉద్దేశం వేరే. 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు. బస్సులో అయితే రెండు, రెండున్నర గంటల్లో ఊటీలో ఉంటారు. సీట్లు ఇరుకు, కాళ్లు చాపే చోటు లేదు. మా ఆవిడ మూడో గంటలో నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. అరకు పొండి, సుఖంగా అద్దాల బోగీలో కూర్చుని 58 సొరంగాలు చూడొచ్చు.

---

రైలుపిచ్చోడు_కరీంనగర్

అరకు అరకే అన్నా, కాదనడం లేదు. కానీ అది బ్రాడ్‌గేజ్ లైను, మామూలు రైలు. ఆయన చూడాలంటున్నది కొండని కాదు కదా, ఇంజన్ని.

---

హన్మకొండ_మాస్టారు

మెకానికల్ పాఠాలు ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ని, పళ్ల చక్రం మాట వచ్చాక నోరు మూసుకోలేను. కాస్త ఓపిక పట్టండి.

మామూలు రైలుకు చక్రమూ ఉక్కే, పట్టా ఉక్కే. నున్నటిది నున్నటిదాని మీద దొర్లుతుంది కాబట్టే తక్కువ బలంతో అంత బరువు లాగుతుంది. ఆ నునుపే ఎత్తులో శత్రువు. మన మెయిన్ లైన్లలో 100 మీటర్లకు ఒక మీటరు ఎక్కాలంటేనే గూడ్స్ డ్రైవర్లు జాగ్రత్త పడతారు. కల్లార్ నుంచి కూనూరు మధ్య 12 మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఉంటుంది. అక్కడ ఉట్టి చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది తప్ప బండి కదలదు.

అందుకే రెండు పట్టాల నడుమ పళ్లున్న రెండు ఉక్కు కమ్మీలు పక్కపక్కన వేశారు. ఇంజన్ కింద పళ్ల చక్రాలు వాటిలో దిగి పట్టుకుంటాయి. ఇది స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ పద్ధతి. అసలు తెలివి ఎక్కడుందంటే, ఒక కమ్మీలో పన్ను ఉన్నచోట రెండోదాంట్లో సందు ఉంటుంది. ఒక పన్ను వదిలే లోపు పక్కదానిలో ఇంకో పన్ను పట్టేసి ఉంటుంది. మన గౌడన్న తాడిచెట్టు ఎక్కడం చూశారు కదా? నడుముకు మోకు, కాళ్లకు గుజి. మోకు పైకి జరిపేటప్పుడు బరువంతా కాళ్ల మీద, కాళ్లు జరిపేటప్పుడు మోకు మీద. రెండూ ఒకేసారి వదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆప్ట్ గారు తాటివనం చూసి ఉండరు గానీ సూత్రం అదే.

ఇంకో ముచ్చట. ఈ లైనులో నడిచే ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, రెండు పళ్ల చక్రాలను. పళ్ల దారిలోకి వచ్చాక మొదటి రెండింట్లో పని చేసిన ఆవిరినే బయటికి వదలకుండా రెండో జతకు పంపుతారు. ఒకే ఆవిరితో రెండు పనులన్నమాట. చదునులో పళ్ల చక్రాల సిలిండర్లు ఊరికే ఉంటాయి.

డార్జిలింగ్ రైలు కూడా కొండ రైలే, 1881ది. కానీ దానికి పళ్లు లేవు, చుట్లు తిరుగుతూ, ముందుకూ వెనక్కూ పోతూ ఎక్కుతుంది. మన దేశంలో పళ్ల పట్టా మీద నడిచేది నీలగిరి ఒక్కటే.

---

బొగ్గుగని_బిడ్డ

మాస్టారూ, తాడిచెట్టు పోలికకు దండం. గోదావరిఖనిలో పుట్టి పెరిగిన నాకు ఒక్క డౌటు. ఆ ఇంజన్లకు బొగ్గు ఎక్కణ్నుంచి వస్తుంది, మన సింగరేణిదా?

---

రిటైర్డ్_లోకో

తమ్ముడూ, నువ్వడిగే బొగ్గే ఇప్పుడు అన్నిటికీ లేదు. నేను కాజీపేటలోనే లోకో పైలట్‌గా చేసి రిటైరయినవాణ్ని, మూడేళ్ల కింద నీలగిరి పోయి వచ్చాను. ఆ లైనులో చాలా ఇంజన్లు ఆయిల్‌కు మార్చారు. తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో 2011 తర్వాత కొత్త స్టీమ్ ఇంజన్లే తయారు చేశారు, వాటిలో మొదటివి ఆయిల్‌వే. పాతవి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్ నుంచి వచ్చినవి. చిన్నోడా, మీ బాపుకి ఈ సంగతి ముందే చెప్పు. పార పట్టుకున్న చేతికి పార కనపడకపోతే మనసు ఎట్లనో అవుతుంది.

ఇంకో రెండు మాటలు. ఈ బండిలో ఇంజన్ ముందుండదు. వెనక, అంటే దిగువ వైపు ఉండి బోగీలను పైకి తోస్తుంది. ఎందుకంటే కప్లింగ్ తెగినా బోగీలు వెనక్కి జారి లోయలోకి పోకుండా కింద ఇంజన్ అడ్డం ఉంటుంది. అందరూ ముందున్న ఫస్ట్ క్లాస్ కోసం కొట్టుకుంటారు, అక్కడ ముందు అద్దంలోంచి దారి కనిపిస్తుందని. మీ బాపుకి అది దండగ. సెకండ్ క్లాస్‌లో ఇంజన్‌ను ఆనుకుని ఉండే చివరి బోగీ చూడు. మసి మీద పడుతుంది, పడనీ.

డ్రైవర్ వెనక ఉంటే ముందు దారి ఎట్లా కనపడుతుందని అడుగుతావు. కనపడదు. ప్రతి బోగీ ముందు చిన్న వరండా ఉంటుంది, అక్కడ ఒక బ్రేక్స్‌మన్ నిలబడతాడు. ముందు బోగీ అతను ఎర్రజెండా, పచ్చజెండా చూపిస్తే వెనకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుని డ్రైవర్ దాకా చేరుస్తారు. బ్రేకులు కూడా ప్రతి బోగీకి విడిగా రెండు. ఒకటి చక్రాలకు, ఒకటి పళ్లకు. ఇంజన్ కూత విని చేత్తో తిప్పుతారు. 1899లో కూనూరు దాకా లైన్ తెరిచినప్పటి పద్ధతే.

---

కాజీపేట_చిన్నోడు

కాకా, చాలా థాంక్స్. చివరి బోగీ సంగతి ఎవరూ చెప్పరు. బాపుకి ఆయిల్ గురించి చెప్తే "ఊఁ" అన్నాడు. పోదామా వద్దా అంటే "టికెట్ చూడు" అన్నాడు.

---

ఓరుగల్లు_టు_బోస్టన్

నాకూ ఒక అనుభవం ఉంది, కలుపుతా. మాది హన్మకొండ, ఇప్పుడు బోస్టన్ పక్కన ఉంటున్నాం. మా అత్తమామలు వచ్చినప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో మౌంట్ వాషింగ్టన్ పళ్ల రైలు ఎక్కాం. కొండెక్కే పళ్ల రైళ్లలో ప్రపంచంలో మొదటిది, 1869ది. దారి మూడు మైళ్లే కానీ ఏటవాలు మామూలుది కాదు. ఒకచోట వంద అడుగులకు 37 అడుగులు ఎక్కుతుంది. మామయ్య సీటు గట్టిగా పట్టుకుని హనుమాన్ చాలీసా అందుకున్నారు, పక్కనున్న అమెరికా ముసలాయన అది పాటేమో అనుకుని తల ఊపాడు.

ఇప్పుడు అక్కడ ఎక్కువ ట్రిప్పులు బయోడీజిల్ ఇంజన్లే. ఆవిరి ఇంజన్ కావాలంటే చూసుకుని బుక్ చేసుకోవాలి. ఆ ఇంజన్ బాయిలర్ ముందుకు వంగినట్టు ఉంటుంది, చదునులో నిలబడితే ముక్కు నేలకు ఆనించినట్టు వింతగా ఉంటుంది. అది ఎందుకో మాస్టారు చెప్పాలి.

---

హన్మకొండ_మాస్టారు

వంగి ఉన్నది కొండ ఎక్కేటప్పుడు మట్టమవుతుందమ్మా! బాయిలర్‌లో నీళ్లు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయి, ఇంజన్ ఏటవాలుగా ఉన్నా సరే. ఏటవాలు మరీ ఎక్కువైతే నీళ్లన్నీ ఒక పక్కకు చేరి, మంట పైనుండే రేకు నీటి పైకి తేలుతుంది. నీళ్లు లేని రేకు ఎర్రగా కాలి మెత్తబడితే పేలుడే. అందుకని కొండ వాలుకు తగ్గట్టు బాయిలర్‌నే వంచి కట్టారు.

---

రిటైర్డ్_లోకో

మాస్టారు చెప్పింది ఫైర్‌మన్‌కు మొదటిరోజు నేర్పే పాఠం. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్ మీంచి చూపు తియ్యొద్దు. నీళ్లు మరీ తగ్గితే ఆ రేకులో బిగించిన సీసం బిరడా, అంటే లెడ్ ప్లగ్, కరిగి ఆవిరి మంట మీద పడుతుంది. ఇంజన్ బతుకుతుంది, ఫైర్‌మన్ పరువు పోతుంది. ప్లగ్ కరిగించినవాడి పేరు షెడ్డులో ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు. ఒకాయన పేరే ప్లగ్గుమామ అయిపోయింది, అసలు పేరు నాకిప్పటికీ తెలీదు.

---

జనగామ_జర్నీస్

ప్లగ్గుమామ 😂 సరే, నేను పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. చిన్నోడూ, పో. మోకాళ్లకు నొప్పి బెల్టు పెట్టుకెళ్లు, నీళ్లకు స్టీలు సీసా పెట్టుకో, నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే బండి రోజుల తరబడి రద్దు. సంక్రాంతి తర్వాత అన్నావు కాబట్టి మంచి టైమే.

---

రైలుపిచ్చోడు_కరీంనగర్

60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దున్నే కూర్చో. టీ తాగి వద్దాం అనుకుంటే వెయిటింగ్ లిస్టే.

---

కాజీపేట_చిన్నోడు

పోయొచ్చాం! ఆలస్యానికి సారీ, వచ్చాక ఆఫీసు పని మీద పడింది. పెద్దగా రాస్తున్నా, తిట్టుకోకండి.

టికెట్లు సెకండ్ క్లాస్‌లో దొరికాయి. మెట్టుపాళయంలో లాడ్జిలో పడుకున్నాం. బాపు నాలుగింటికే లేచి స్నానం చేసి, నన్ను లేపకుండా మంచం మీద కూర్చున్నాడు. ఆరింటికల్లా స్టేషన్. ఇంజన్ అప్పటికే బండికి తగిలించి ఉంది. అందరూ సెల్ఫీలు. బాపు ఇంజన్ దగ్గరికి పోలేదు, పది అడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను "దగ్గరికి పో బాపూ" అంటే "డ్యూటీలో ఉన్నారు" అన్నాడు.

బొగ్గు కాదు, ఆయిలే. దగ్గరికొచ్చిన వాసనకే బాపు "స్టవ్వు వాసన" అని ముక్కు ముడిచాడు. నాకు టెన్షన్ పట్టుకుంది, ఇంత దూరం తెచ్చి ముసలాయన్ని బాధ పెట్టానేమో అని.

కల్లార్ దాకా మామూలుగానే ఉంది, వక్కతోటలు, చదును దారి. కల్లార్ దాటి పళ్ల దారిలోకి పోయేటప్పుడు బండి బాగా నెమ్మదించింది. ఆ మొదటి కమ్మీ ముక్కను స్ప్రింగుల మీద పెడతారట, పళ్లు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా మెల్లగా కలవడానికి. కాళ్ల కింద చిన్నగా గరగరమంది. అంతే, మోత మారిపోయింది. అంతదాకా బయటికి చూస్తున్న బాపు తల తిప్పి కళ్లు మూసుకున్నాడు. నిద్రేమో అనుకున్నా. కాదు, వింటున్నాడు.

కాకా చెప్పినట్టు చివరి బోగీలో కూర్చున్నాం కాబట్టి ఇంజన్ చిమ్నీ కనిపిస్తుంది. ఒక వంపులో పొగ నల్లగా లేచింది. బాపు కళ్లు తెరిచి చూసి "ఆయిల్ ఎక్కువిచ్చిండు, తగ్గిస్తాడు చూడు" అన్నాడు. పదికి లెక్కపెట్టేలోపు పొగ పలచబడి బూడిద రంగుకొచ్చింది. నా పక్కన కూర్చున్న కేరళ కుర్రాడికి ఇంగ్లీషులో చెప్తే నమ్మలేదు. ఇంకో వంపులో మళ్లీ అదే జరిగింది. అప్పట్నుంచి వాడు పొగ చూడటం మానేసి బాపు మొహం చూశాడు.

బొగ్గయితే పొగ మారడానికి చాలాసేపు పడుతుందట. నల్లపొగ అంటే బొగ్గు ఎక్కువ పడింది, సరిగా కాలట్లేదు అని. అసలు పొగే లేకుంటే మంట పలచబడింది అని. లేత బూడిద రంగు ఉంటే ఫైర్‌మన్ పనిమంతుడు. ఇదంతా నాకు 40 ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజన్‌కు నీళ్లు పట్టడానికి ఆగింది. అందరూ దిగి టీ తాగుతుంటే కోతులు వచ్చాయి. అమ్మ కట్టిచ్చిన సకినాల కవరు నా చేతిలోంచి ఒక కోతి తీరిగ్గా తీసుకుపోయింది, లాక్కోలేదు, తీసుకుంది. రేకుల కప్పు మీద కూర్చుని ఒక్కో సకినం విరుచుకుని తింటుంటే బాపు నవ్విన నవ్వు నేను ఈ మధ్య చూడలేదు.

లోయలు, సొరంగాలు, వంతెనలు అందరూ వీడియోల్లో చూసే ఉంటారు. 16 సొరంగాలు, 250 వంతెనలు. నేను లెక్కపెట్టలేదు. మెట్టుపాళయం 326 మీటర్ల ఎత్తు, ఊటీ 2,203. చెవులు మూసుకుపోయాయి, కూనూరు చేరేసరికి స్వెటర్ వేసుకోవాల్సి వచ్చింది.

కూనూరులో ఇంజన్ విప్పారు. అప్పుడు పోయాడు బాపు. ఫైర్‌మన్ ముప్పై దాటని కుర్రాడు, తమిళం తప్ప రాదు. బాపుకి తెలుగు, ఉర్దూ. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు! ఇంజెక్టర్, గేజ్ గ్లాస్, ప్రెషర్, బ్లోయర్, వాల్వ్. ఈ మాటలకు తమిళం లేదు, తెలుగు లేదు. మధ్యలో బాపు పార పట్టి బొగ్గు కొట్టినట్టు చేతులు ఊపి చూపించాడు, ఆ కుర్రాడు బర్నర్ వాల్వ్ తిప్పినట్టు వేళ్లు తిప్పి చూపించి సిగ్గుపడ్డాడు. పోయేముందు జేబులోంచి కాటన్ వేస్ట్ తీసి బాపు చేతికిచ్చాడు, రెయిలింగ్ పట్టుకున్నందుకు చేతులకు నూనె అంటింది కదా. బాపు చేతులు తుడుచుకున్నాడు, దాన్ని పారెయ్యలేదు.

కూనూరు నుంచి ఊటీ దాకా డీజిల్ లాగింది. బాపు హాయిగా నిద్రపోయాడు. వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ అన్నీ నేనొక్కణ్నే చూశా.

మోకాళ్ల సంగతి అడిగేవాళ్లకు: ఎక్కడం కష్టం కాదు, కూర్చోవడం కష్టం. హిల్‌గ్రోవ్‌లో దిగి నడిపించండి. తిరుగు ప్రయాణం బస్సులో వచ్చాం, ఆ మలుపుల్లో నాకు వాంతులు, ఆయనకేమీ కాలేదు.

---

బొగ్గుగని_బిడ్డ

అన్నా, పొగ రంగు ముచ్చట చదివి మా తాతకు చదివి వినిపించా. ఆయన గని మనిషి, రైలు మనిషి కాదు. "మేం తవ్విందాన్ని వాళ్లు సరిగ్గ కాల్చిన్రా లేదా అని పొగ చూసే చెప్పేటోళ్లం" అన్నాడు.

---

ఓరుగల్లు_టు_బోస్టన్

ఈసారి ఇండియా వచ్చినప్పుడు మామయ్యను నీలగిరి తీసుకెళ్తా. చాలీసా అక్కడ కూడా పనికొస్తుంది.

---

రైలుపిచ్చోడు_కరీంనగర్

సకినాలు తిన్న కోతికి ఇంకేం నచ్చుతుంది, పాపం దాని బతుకు.

---

కాజీపేట_చిన్నోడు

ఒక సవరణ. పైన రాసిందంతా బాపుకి చదివి వినిపించా. "స్టవ్వు వాసన అన్నది నిజమే, కానీ ఆ పిలగాడు బండిని మంచిగ ఎక్కించిండు, అది ఎందుకు రాయలే?" అని కోప్పడ్డాడు. రాశాను బాపూ. రెండుచోట్ల నల్లపొగ తప్ప దారంతా బూడిద రంగేనట.

---

రిటైర్డ్_లోకో

చిన్నోడా, మీ బాపు బల్లార్షా గూడ్స్ అన్నావు. 1970ల్లో అంటే నాకు సీనియర్ అవుతాడు, నేను సెకండ్ ఫైర్‌మన్‌గా ఆయన పక్కన ఎక్కి ఉంటానేమో. ప్లగ్గుమామ తెలుసా అని ఒకసారి అడుగు.

---

కాజీపేట_చిన్నోడు

అడిగాను కాకా. పేరు వినగానే పడీపడీ నవ్వి, మీరు కాజీపేటలో ఎక్కడుంటారని అడిగాడు. చౌరస్తా దగ్గర పొద్దున ఏడింటికి టీకి వస్తారా? రేపే అంటున్నాడు.